మాల తీసిన మర్నాడు

దాసన్నపేట పీఠంలో ఈ ఏడు
పదకొండు మందిమి స్వాములం.
పోలిరాజు చాప నా చాప పక్కనే.

తెల్లారగట్ల నాలుగింటికి బోరింగు కొట్టేది వాడే.
మార్గశిరం చలికి నా పళ్లు టకటకలాడుతుంటే
"స్వామీ, నీళ్లు" అని
బకెట్టు జరిపేవాడు.

నలభై ఒక్క రోజులు
వాణ్ని ఎవరమూ ఆ మాట అనలేదు.
ఏ మాటో మీకు తెలుసు.
ట్యూషన్ వెనక బెంచీలో
వాడి నడక చూసి, చేతులు తిప్పడం చూసి
మేం పెట్టిన పేరు.
మెళ్లో తులసిపూసలున్నాయి కదా,
నోరు కట్టుకున్నాం.

ఎర్రయ్య గురుస్వామి
ఇదొక పాపమని ఏనాడూ చెప్పలేదు.
ఆయన లెక్కలో పాపాలంటే
ఉల్లిపాయ, చెప్పులు, కోపం.
పుస్తకాల్లో ఉందంటారా,
మేం చదివిందేటి, శరణుఘోష కాగితం తప్ప!

ముందు నవ్వడం నేర్చుకున్నాం.
ఎందుకు నవ్వుతున్నార్రా అని
ఎవరో అడిగినప్పుడు
పరుగెత్తుకెళ్లి దేవుణ్ని పిలుచుకొచ్చి
నవ్వుకి అడ్డంగా నిలబెట్టాం.
పాపం, ఆయన్ని అడగనైనా లేదు.

కొండ దిగాం. మాలలు తీశాం.
మర్నాడు గంటస్తంభం దగ్గర
టీ గ్లాసులతో నిలబడ్డాం.
వాడు ఎప్పట్లానే చెయ్యి ఊపుకుంటూ వస్తున్నాడు.
ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం.
నవ్వనివాణ్ని కూడా
వాడి జట్టులో కలిపేస్తారని
అందరికీ భయమే.

ముందు నవ్వింది నేను.
ఆ మాట అన్నదీ నేనే.

వాడికింకా అలవాటు పోలేదు.
"టీ అయిందా స్వామీ?" అన్నాడు.

ఎవరినా అని
వెనక్కి తిరిగి చూశాను.