యాడ ఇరచాల

స్తంభం వెడల్పు రెండడుగులు.
మాట పొడుగు పద్నాలుగు అక్షరాలు.
పుత్తూరులో, నగరి రోడ్డు మింద
ఫిజియోతెరపీ హేమకేతు సారు
చీటీ రాసిచ్చినాడు: రీహాబిలిటేషన్.
"ఒకటే మాట చెంగల్రాయా, తప్పు రానీయొద్దు."

నాకు ఇంగ్లీషు చదివేది రాదు, గీసేది వస్తాది.
ముప్పై ఏండ్లుగా గీస్తాండా,
ఎరువుల అంగడి, మామిడికాయల మండీ, టెంటు హౌసు.
టేపు పెట్టి కొలిచి, సుద్దతో గీటు గీసి
ఏడూ ఏడూ అని సమంగా పంచినా.
పైన రీహాబిల్. కింద ఇటేషన్.

సారొచ్చి తలెత్తి చూసినాడు.
"పై వరసలోనే బిల్లు కనిపిస్తాంటే
లోపలికి ఎవురొస్తార్రా?"

టీ అంగడి కాడ ఢిల్లీరాణి మేడం,
హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనామె,
గ్లాసు కింద పెట్టి నవ్వింది.
"మాటకు కీళ్లుంటాయి నాయనా,
కీలు కాడే ఇరచాల, ఎముక నడుమ కాదు.
చప్పట్లు కొట్టి చూడు:
రీ. హా. బిల్. ఇ. టే. షన్.
ఆరు చప్పట్లు, ఆరు ముక్కలు.
ఆ ఇ ఉండాదే, ఒంటిది, చంటిబిడ్డ మాదిరి.
దాన్ని కింది వరసలో ముందర నిలబెట్టకూడదు,
పైనోళ్ల చంకలోనే ఉండనీ."

చప్పట్లు కొట్టబోయి ఆగినా.
కుడి మణికట్టు.
పోయిన వానల్లో సారువ మింద నించి జారి పడితే
ఈ ఊర్లోనే కట్టు కట్టించుకున్నా.
ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, నాలుగు వెదురు బద్దలు.
కట్టే పెద్దాయన కండ్లు మూసుకోని తడిమి
ఇరిగిన చోటు ఏలితోనే చదివినాడు.
ఆయప్పకూ ఇంగ్లీషు రాదు.

మన అక్షరం అట్ల కాదు మేడం, అన్నా.
కా అంటే కా, ఒకతే నిలబడతాది,
గుణింతం ఒంటి మిందే, వత్తు కాళ్ల కిందే,
యాడ తుంచినా నెత్తురు రాదు.
ఈళ్ల అక్షరాలు
ఒకదాని భుజం ఒకటి పట్టుకుంటే గాని నడవవు.
షన్ అనేదానికి నలుగురు మోయాల్నా?

ఆమె మాటను ఇప్పి చూపించింది, పొట్లం ఇప్పినట్ల.
ముందర రీ, అంటే మళ్లీ.
కడాన షన్, పనిని పట్టుకోని పేరుగా మార్చే తోక.
నడుమ ఉండేది లాటిన్ అంట,
చేతనయ్యేది అని అర్థమంట.

చేతనయ్యేది.
దినామూ అంటాండే మాటే.
అందులో చెయ్యి ఉందని
నా చెయ్యి ఇరిగేదాకా చూసుకోలా.

ఏడేడు తుడిపేసినా. పైన ఎనిమిది, కింద ఆరు.
సమం పోయింది, కంటికి కొంచెం ఎగుడుదిగుడే.
రీహాబిలి పక్కన అడ్డగీత
సన్నంగా గీయమనింది మేడం.
నేను లావుగానే గీసినా,
వెదురు బద్ద మందాన.

కడాకు వచ్చేసరికి, ఓ అక్షరం కాడ చెయ్యి వణికింది.
గుండ్రం కాస్తా గుడ్డయింది.
సారు చూడలా.
తిరుత్తణి బస్సు ఆగినప్పుడు
కిటికీలోంచి ఒక పిల్లోడు కూడబలుక్కుంటా చదివినాడు:
రేహబిలి... టాటియాన్.
బస్సు కదిలేలోపల ఇంకోసారి చదివినాడు,
ఈతూరి ఇంకో చోట ఇరిచి.