ఇచ్చినప్పుడు ఇద్దువులే

ఐప్పసి వాన. సుద్దముక్క చెమ్మగిల్లి
బోర్డు మీద గీత పడనంటోంది.
రాయపేట సాయంకాలం కాలేజీ, రెండో అంతస్తు,
పదకొండుమంది పిల్లలు, నాలుగు గొడుగులు.
"ప అయితే ప" అని రాశాను.
వాన పడితే వాన పడుతుంది.
"ఇది ఎప్పుడూ నిజమే.
పడినా నిజం, పడకపోయినా నిజం.
అందుకే ఇది లోకం గురించి ఏమీ చెప్పదు" అన్నాను.
కిటికీ అవతల వాన మాత్రం
తన గురించి తను చాలా చెప్పుకుంటోంది.

వెనక బెంచీలోంచి కోదండపాణి లేచాడు.
సత్యవేడు వాడు. పగలు రిచీ స్ట్రీట్లో ఫోన్లు బాగుచేస్తాడు.
"ఏమీ చెప్పని మాట ఎందుకు సార్ నేర్చుకోడం?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వు జవాబు కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని,
మాటల మీది తొక్క ఒలవడం.
"పేదవాడు కానీ నిజాయితీపరుడు" అంటే
ఆ "కానీ" తీసి "మరియు" పెడతాను.
ఆ "కానీ"లో ఎవరి చిన్నచూపు నక్కి ఉందో
రాయడానికి నా పట్టికలో గడి లేదు.
"వచ్చాడట" అంటే "ట"ని ఏరి పక్కన పెడతాను
కూరలో కరివేపాకులా.
వచ్చాడు: నిజమో అబద్ధమో, రెండే.
చెప్పినవాడి పూచీ ఎంతో నాకక్కర్లేదు.
"పులీ గిలీ వస్తే" అన్నచోట మాత్రం
గిలిని ఏ అక్షరంతో రాయాలో
ఇప్పటికీ తెలియదు.
పులి లేని అడవిలో కూడా గిలి ఉంటుంది.

తొమ్మిదిన్నరకి ట్రిప్లికేన్.
చీలమండల దాకా నీళ్లు,
మాన్షన్ల మెట్ల మీద ఆరని చొక్కాలు.
వెంగమ్మ మెస్సులో ఆఖరి బల్ల.
నాయుడుపేట నించి వచ్చి ముప్పయ్యేళ్లు,
ఆమె తెలుగులో తమిళం ఉప్పులాగే, తగినంతే.
"అన్నం నిండుకుంది సారూ" అంది, గిన్నె వంచి చూపిస్తూ.
ఖాళీ గిన్నె.
ఒక మూల నాలుగు మెతుకులు.
నిండింది అన్నా నిజం, ఖాళీ అన్నా నిజం,
ఒకే గిన్నె గురించి, ఒకే రాత్రి.
నా శాస్త్రం ప్రకారం ఈపాటికి
ప్రపంచంలోని ప్రతి వాక్యమూ నిజమైపోవాలి.
ఆమె పెనం పెట్టింది.
"లేదు" అన్న మాట వింటే
బియ్యం డబ్బా అలవాటు పడిపోతుందని
వెంగమ్మ భయం.

అప్పుడొచ్చాడు కోదండపాణి, జుట్టులోంచి నీళ్లు కారుతూ.
షాపులోకి వాన వచ్చిందట, జీతం రాలేదట.
"అక్కా, ఈ నెల కూడా..."
వాక్యం పూర్తిచెయ్యలేదు.
ఆమె అట్టు తిప్పుతూ, వెనక్కి చూడకుండా,
"ఇచ్చినప్పుడు ఇద్దువులే. కూచో."

నా గోళ్లలో ఇంకా సుద్ద ఉంది.
ఇచ్చినప్పుడు ఇస్తావు.
ప అయితే ప.
ఇచ్చినా నిజం, ఇవ్వకపోయినా నిజం.
మూడు గంటల కిందట నేను ఏమీ చెప్పదన్న మాట
తడిసిన కుర్రాడి ముందు
ఆకు పరిచింది, నీళ్లు చిలకరించింది.

పొంగిపోకు, అనుకున్నాను.
సరిగ్గా ఇదే మాట మొన్న
మాన్షన్ మేనేజరూ అన్నాడట:
"ఇచ్చినప్పుడు ఇస్తావులే!"
అని, గది తాళం మార్చేశాడట.
అక్షరాలు దాదాపు అవే, ఆకారం అదే.
ఒకచోట అట్టు, ఒకచోట తాళంకప్ప.
ఈ "ట"లు కూడా
ఇవాళ ఏరెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

వాడు తలెత్తి నన్ను చూశాడు.
చట్నీలో వేలు ఆగిపోయింది.
"సార్, అక్క ఇప్పుడన్నది..."
"తిను ముందు" అన్నాను.

మర్నాడు బోర్డు తుడిచేవాడు రాలేదు.
"ప అయితే ప" అలాగే ఉంది, కొంచెం కారి.
దాని చివర ఎవరో చెమ్మ సుద్దతో
చిన్నగా "లే" అని చేర్చారు.
డస్టర్ చేతిలోనే ఉంది.
ఆ రోజు పాఠం
దాని కిందనించి మొదలుపెట్టాను.