పద్దెనిమిదిలో నాలుగు

కాగితం మీద పద్దెనిమిది పేర్లు.
నాలుగింటికే టిక్కు పెట్టాలి, బుధవారం లోపు.
నేనేమో పెళ్లిలో మొదటి బంతికి కూర్చున్న పిల్లలా
అన్నీ వడ్డించుకున్నాను, పెన్సిలుతో:
సాంఖ్యం, సౌందర్యం, గ్రీకులు, జర్మన్లు,
మతం, మనసు, మరణం.
మరణానికి మూడు క్రెడిట్లట.

"మార్కులు రాలేవి నాలుగున్నాయి, రాసుకో"
అన్నాడు సీనియర్ పేరయ్య, క్యాంటీన్లో, బజ్జీ ఊదుకుంటూ.
రాసుకున్నాను కూడా.

జైబున్నీసా మేడం కళ్లద్దాలు తుడుచుకుని చూశారు.
"ఇది సంతకెళ్లినవాడి సంచిలా ఉంది సువార్తా.
నిన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటి చెప్పు.
దాని చుట్టాలెవరో అప్పుడు చూద్దాం."

నాకు నిద్ర బాగానే పడుతుందని చెప్పాను.
ఆవిడ నవ్వలేదు.

అరండల్‌పేటలో బస్సు దిగి
ఏటుకూరు రోడ్డు షేర్ ఆటో ఎక్కాను.
కోల్డ్ స్టోరేజీలు ఇంకా కనపడనే లేదు,
ఒళ్లో పసివాడు తుమ్మాడు,
తర్వాత డ్రైవరు, తర్వాత నేను.
కొండ మీద పొగ, కనక నిప్పు, అంటుంది పుస్తకం.
ఆటోలో తుమ్ము, కనక మిరపకాయ, అంటుంది గుంటూరు.
అనుమాన ప్రమాణం మాకు ముక్కుతోనే వచ్చేస్తుంది.

మొదటి ఏడు న్యాయదర్శనం అన్న పేరు చూసి
కోర్టుల గురించనుకుని చేరాను.
పదహారు పదార్థాలూ బట్టీ పట్టాక తెలిసింది
వాటిలో ప్లీడరు లేడని.
అయినా ఒక్క మాట లోపల విరిగి ఉండిపోయింది:
ఆప్తుడి మాట ప్రమాణం.
ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు తెలిసినవాడు,
తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు.

వాడు.

మా అమ్మ కరుణమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తుంది.
కేజీకింత.
నాకు పదకొండేళ్లప్పుడు, ఒక ఏప్రిల్ సాయంత్రం,
కాటా పక్కన నిలబడి ఉన్నాను.
ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది. నేను చూశాను.
గుమాస్తా ముప్పై ఆరు రాశాడు.
"నలభై ఒకటయ్యా" అంది అమ్మ.
"చీటీలో ముప్పై ఆరుంది కదమ్మా" అన్నాడు,
ఎంతో మర్యాదగా,
సిరా ఇంకా ఆరని చీటీ చూపిస్తూ.

ప్రత్యక్షం మా వైపే ఉంది. నాలుగు కళ్లు.
గెలిచింది కాగితం.
ఆ ఐదు కేజీలు ఎక్కడికి పోయాయో
ఇంతవరకూ ఏ దర్శనమూ నాకు చెప్పలేదు.

ఆటో దిగేలోపు చెరిపేశాను.
ప్రమాణశాస్త్రం ఉంచాను.
బౌద్ధ తర్కం ఉంచాను. వాళ్లు మాటను
విడి ప్రమాణంగా ఒప్పుకోరు.
ఎందుకొప్పుకోరో కూర్చుని తగువు పడాలి.
భాషాతత్వం.
చివరికి న్యాయం, ఈసారి అసలుది,
సోమవారం పొద్దున తొమ్మిదింటికి.

సౌందర్యశాస్త్రం దగ్గర రబ్బరు ఆగింది.
ఆ సారు వానొస్తే పాఠం ఆపేసి
కిటికీలన్నీ తీయిస్తాడట.

ఇంట్లో అమ్మ గిన్నెడు మజ్జిగలో
వేళ్లు ముంచుకుని కూర్చుంది.
మంట దిగేదాకా ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు.
"ఎన్ని తీసేశావ్?"
"పద్నాలుగు."
"తాలా?"
"కాదమ్మా. అన్నీ మంచి కాయలే."
"అయితే పారబొయ్యకు, పక్కన కుప్ప పెట్టు.
యార్డులో తాలుక్కూడా రేటుంటుంది."

ఆ నాలుగే ఎందుకో చెప్పాను.
కాటా సంగతీ చెప్పాను.
నాకు గుర్తున్నట్టు తనకి తెలియదనుకున్నాను.

మజ్జిగ చెయ్యి చీరకి తుడుచుకుంది.
"నలభై రెండే అది" అంది.
"ముల్లు ఇంకాస్త కదిలింది.
నువ్వు అప్పటికే అటు తిరిగావు."