మూడో మలుపు

బస్సు తాళాలు నేనే తిరిగిచ్చాను,
ఎవరూ అడక్కముందే.
కొండదారి మూడో మలుపులో
ఒక గొర్రె నా ముందు
రెండుసార్లు రోడ్డు దాటిన రోజు అది.
ఉన్నది ఒకటే గొర్రె.
మధ్యలో ఎన్ని గజాలు
బస్సు తనంతట తానే నడిచిందో తెలియదు.
వెనక పదకొండుమంది.

అప్పట్నుంచి వరుసలో ఉన్నాను.
నిద్ర పరీక్షకి
"ముప్పై ఒక్క వారాలు, సుమారుగా" అని
కార్డిఫ్ నుంచి ఉత్తరం.
ఆ "సుమారుగా" మీద తల వాల్చి
ఎన్నిసార్లు జోగానో.

డైరీ రాయమన్నారు. రాస్తున్నాను.
పదిన్నర: టీ చల్లారేలోపు.
పన్నెండు: కొట్లో, చిల్లర లెక్కపెడుతూ.
రెండుంబావు:
ఇక్కడ అక్షరం కాలు జారి
కాగితం అంచుదాకా ఒకటే సిరా గీత.
డాక్టరుకి ముందు
ఆ గీతే చూపించాలి.

నుంచునే అన్నీ చేస్తాను.
నాలుక కింద మంచుముక్క,
జనవరిలో తెరిచిన కిటికీ.
"రాత్రి పెందలాడే పడుకోరాదూ" అంటుంది ఎలునెద్ అత్త.
పడుకుంటాను అత్తా.
తొమ్మిది గంటలు మింగి కూడా
ఆవురావురంటూనే లేస్తుంది నా నిద్ర.
నిద్ర సుఖమెరగదంటారు.
నాది మనిషిని కూడా ఎరగదు.

నవ్వినా చిక్కే.
మోకాళ్ళు నీరై, ఉన్నచోటే కూలబడతాను.
మా పిల్ల మాలీ ఇప్పుడు
ముందు కుర్చీ తెచ్చి వేసి,
నేను కూర్చున్నాక
జోకు చెబుతుంది.

గురువారాలు నా పాత బస్సే ఎక్కుతాను,
టిక్కెట్టు కొనుక్కుని.
స్టీరింగు దగ్గర హెలెద్.
తలుపు పక్క మొదటి సీట్లో నేను,
"మార్కెట్ దగ్గర లేపు" అని చెప్పి, 
ఆ మాట పూర్తయ్యేలోపే
ఇక లేను.

ఆమె లేపదు.
అబెరిస్ట్‌విత్‌లో, ఆఖరి స్టాపులో, ఇంజను ఆపి
నా పక్కన కూర్చుని
కోడిగుడ్డు శాండ్‌విచ్ తింటుంది.
కళ్ళు తెరిస్తే అద్దం నిండా సముద్రం,
ఒళ్ళో నా వాటా సగం ముక్క.

"ఎంతసేపు?"
"నలభై నిమిషాలు. రాసేశాను."
డైరీలో ఆమె గుండ్రటి రాత.
కింద ఇంకో వాక్యం:

మూడో మలుపులో
ఇతని కుడికాలు
బ్రేకు నొక్కింది.