చుట్టుకొలత

నా పని చెట్లకు నంబర్లేసుడు.
ఎర్రరంగు డబ్బా, అరిగిన కుంచె, దర్జీ టేపు,
రోజుకు ఎనిమిది వందల యాభై, బస్సు చార్జీ వేరే.
గౌలిదొడ్డి దాటినంక, అద్దాల మేడల ఎనక,
బండ మీద బండ నిలబడ్డ కంచెల
మూడు రోజుల సంది తిరుగుతున్న.

టేపు పట్టేది నేను, రాసేది ఖాజామియా.
తపసి, మూడడుగులు.
చండ్ర, రెండున్నర.
మోదుగ... ఇడిసిపెట్టు, అది పొద.
నాలుగువందల పదకొండు దాకా
ఏ చెట్టూ నా మొహం చూడలే.

పన్నెండోది నెమలినార.
టేపు సరిపోలే.
నా చేతులు, ఖాజామియా చేతులు కలిపినా
ఇంకో జానెడు మిగిలింది.
మొదట్ల తెల్లటి రెట్ట, బొచ్చు ఉండలు.
ఒకటి ఇప్పిచూస్తే
అగ్గిపుల్ల కంటె సన్నటి ఎముకలు,
పళ్లు రాలని చిట్టెలుక పుర్రె.
తలెత్తిన.
తొర్రల, దీపమారిన ప్రమిదల లెక్క
రెండు నల్లటి కండ్లు.

ఖాజామియా తోబా తోబా అని చెంపలేసుకున్నడు.
గూబ జొచ్చిన ఇల్లు మూసిపెట్టాలని
మా పెదనాయిన పెంకుటిల్లు ఒకసారి ఇడిసినం,
బోళ్లు, బొంతలతోని
మూడు నెలలు బడి వరండాల వండుకున్నం.
మరి మనిషి జొచ్చిన ఇంటికి
శాస్త్రమేం చెప్తదో,
గూబలల్ల పెద్దమనిషెవరో,
ఎవరినడగాలె?

రిజిస్టర్ల గళ్లున్నయి:
పేరు, చుట్టుకొలత, ఎత్తు, కలప, రేటు.
తొర్రకు గడి లేదు.
తొర్రుంటే రేట్ల కోత మాత్రం ఉంది.

అవతలి దిక్కు రంపం మొదలైంది.
నా గూబ గుయ్యిమంది.
తొర్రల గూబ ఉలకలే,
మెడ మెల్లగ తిప్పి మేడల దిక్కు చూసింది,
మళ్ల నా దిక్కు.
సంతకం పెట్టే ముందు
మా సారు కూడ అంత సేపు చూడడు.

కుంచె ముంచిన.
ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే.
రంగు మోచెయ్యి దాకా కారింది.

"ఏం రాయమంటవ్?"
"బండ అని రాయి."
"కొలిచినం గద!"
"బండనే. చుట్టుకొలత,
ఇద్దరు మనుషులు, ఒక జానెడు."

ఖాజామియా నవ్వలే. రాసిండు.

రేపు ఇంకెవడో ఇంకో డబ్బాతోని వస్తడు, ఎరుకే.
ఇయ్యాల మాత్రం
లింగంపల్లి బస్సుల నిలబడి
మోచెయ్యి మీది ఎరుపును
గోరుతోని గీక్కుంట వచ్చిన.
పోలే.