కన్ను వడ్డదా

గవర్నమెంటు బంగ్లా వెనక చెత్తకుప్ప మీద దొరికినయి,
శివరాత్రి ముంగట.
పూలు రాలినంక మాలి పీకి పారేసిన డాలియాలు.
ఊడ్చే చుక్కమ్మ కొంగుల మూటగట్టి తెచ్చి
మా అరుగు మీద కుమ్మరించింది.
"గెనుసుగడ్డలా?" అన్న.
"ఉడకవెడితే చేదు" అన్నది,
తిని చూసినదాని లెక్క.

ఒక్కో కాడకు ఆరో ఏడో గడ్డలు,
నడుమ ఉబ్బి, కొసలు సన్నవడి,
ఒకదాని మీద ఒకటి వాలి.
చుక్కమ్మ వేళ్లు గూడ అట్లనే ఉంటయి.
చిన్నప్పటి సంది మర్రిగూడెం బోరు నీళ్లు తాగిన వేళ్లు,
పిడికిలి పట్టవు, పూరాగ తెరుసుకోవు.
ఆ వేళ్లతోటే యాపపుల్ల పట్టి
గడ్డల సందుల మన్ను గీకింది.
"కడుగకు, తడి లోపటికి వోతే కుళ్లు వడ్తది.
మెడ ఇరగనీయకు.
ఇరిగినదానికి పానం ఉంటది గని మొలక ఉండది."

నా దగ్గర ఒక తోటపని పుస్తకం ఉండె,
ఏ చలిదేశం చూసి రాసిండ్రో:
తొలి మంచుకు ఆకు నల్లవడంగనే తవ్వండి,
మంచు తగలని చోట దాయండి.
చదివి వినిపిస్తే చుక్కమ్మ పడి పడి నవ్వింది.
"మంచు యాడికెల్లి తేవాలె,
లతీఫ్‌సాబ్ గుట్ట మీదికెల్లా?"
మనం దాసేది ఎండకు.

మూడొద్దులు నీడకు ఆరవెట్టి
తెగిన చోట్ల పొయ్యి బూడిద అద్ది
పగిలిన రంజన్ల మూసి ఉసికె పోసి
గడ్డకు గడ్డ తాకకుంట పండవెట్టినం.
రంగుకొక గుర్తు: ఎర్ర దారం, పసుపు దారం,
వంకాయ రంగుకు నా పాత జాకిటి పీలిక.
తాగే నీళ్ల కుండ కింద, చెమ్మ దిగే మూలకు జరిపినం.

ఏప్రిల్ల చుక్కమ్మను తీసేసిండ్రు.
కాంట్రాక్టర్ మారిండు, కొత్త లిస్టుల పేరు లేదు.
మిర్యాలగూడ రైసుమిల్లుకు వోయింది, తవుడు ఊడ్వనీకి.
పోయేటప్పుడు గడ్డల ముచ్చట ఎత్తలే.
నేనూ ఎత్తలే.

రోహిణి వచ్చింది.
రోళ్ల సంగతి తెల్వది గని మా బాత్రూం గోడ పగిలింది.
ట్యాంకర్ మూడొద్దులకొకసారి.
బిందెలు లెక్కవెట్టుకునే ఇంట్ల
మా ఆయన చూడకుంట చారెడు నీళ్లు
ఉసికె మీద చిలకరిస్తుంటి.
ఎక్కువైతే కుళ్లు, తక్కువైతే ఎండు,
ఎంతనో చెప్పే మనిషి మిర్యాలగూడల.
కరెంటు పోయిన రాత్రులు
రంజన్ల ముక్కు వెట్టి వాసన చూసేదాన్ని,
మన్ను వాసన వస్తే నిద్ర వట్టేది.
ఒకనాడు పాత సారాయి వాసన.
టార్చి పట్టి తవ్వితే
రెండు గడ్డలు మెత్తగ చేతికంటినయి.
అవి తీసేసి, పక్కదాని పుండు బ్లేడుతోటి కోసి
పసుపు అద్దిన.
మా ఆయన వచ్చి వెనక నిలవడ్డడు, ఏమనలే.
తెల్లారి తన స్నానం బకెట్ల
ఒక మగ్గు మిగిలివెట్టి పోయిండు.

పెత్రమాస వారం, వానలు వెనుకవట్టినంక
ఉసికె మొత్తం గోనె మీద కుమ్మరించిన.
దారాలు, పీలిక, అన్ని చెదలు తిన్నయి.
పందొమ్మిదింట్ల ఐదు మిగిలినయి.
ఒకటి నిమ్మతొక్క లెక్క ముడుచుకున్నది.
ఒకటి బలిసి, నున్నగ, అన్నిట్ల అందమైనది,
మెడ కాడ కన్ను లేదు.
దాన్ని చానసేపు చేతుల పట్టుకున్న.
కడమ మూడింట్ల ఒకదానికి
కాడ తెగిన అంచు మీద
ఆవగింజంత ఎర్రటి మొటిమ.

షిఫ్టు దిగే యాళ్లకు ఫోన్ చేసిన.
మిల్లు మోతల "కన్ను వడ్డదా?" అని అరిచింది.
"ఒక్కదానికి!"
"ఏ రంగుది?"
"తెల్వది!"
నవ్విందో దగ్గిందో.

పొద్దటి ఎండ తగిలే గోడ పక్కకు పెట్టిన.
కన్ను లేనిదాన్ని గూడ
దాని పక్కనే, ఎందుకో.
ఉసికె పారవోయలే.
జల్లెడవట్టి డబ్బాల పోసి మూత వెట్టిన.
మాఘం దాటంగనే మళ్ల కావాలె.