ఎనిమిదో గీత

సున్నం డబ్బా అడుగుకు ఆరు బొక్కలు.
వంగి గీసుకుంట పోతే చండూరు బడి గ్రౌండుల
ఎర్రమట్టి మీద ఎనిమిది తొవ్వలు పడ్తయి.
ఎనిమిదోది తుమ్మకంపకు తగుల్తది.
పిల్లలు దాంట్ల నిలబడనంటరు:
"టీచర్, గది ఓడిపోయెటోళ్ళది."

గప్పుడు నాకు లోసే యాదికొస్తది.

పదిహేడేండ్లప్పుడు ఒక్కసారే విమానమెక్కిన.
మలేషియాల యూత్ మీటు, వంద మీటర్లు, మూడో హీటు.
ఏడో లేన్ల నేను, ఎనిమిదిల టోంగా పిల్ల.
టోంగా ఎక్కడుంటదో నాకు తెల్వదు,
నల్లగొండ ఎక్కడుంటదో ఆమెకు తెల్వదు,
లెక్క సమానమైంది.
మైకుల నా పేరును 'జాంగామా' అని ఇరగ్గొట్టిండు.
ఆమె పేరు బోర్డు మీద పడంగనే స్టాండుల ఎవరో నవ్విన్రు.
ఆ నాలుగక్షరాలు ఇంగ్లీషుల చదివితే 'ఓడిపో' అని వస్తదంట.
వాళ్ళ భాషల గులాబీ.
తర్వాత నీళ్ళ డబ్బా కాడ
వేళ్ళు ముడిసి, మెల్లగ ఇప్పి చూపెట్టింది.
నేను బంతిపువ్వనుకున్న.

తుపాకి పేలింది.
పన్నెండు సెకండ్లు, మీద చిల్లర.
ఆ సేపంత ఆమె ఊపిరి నా కుడిచెవుల.
నేను ఏడు, ఆమె ఎనిమిది.
నడుమ సెకండుల నూరో వంతులు నాలుగు,
కన్ను కొట్టేంత గూడ కాదు.

నాకు టైము చూసుడు నేర్పింది సైదులన్న.
మర్రిగూడ దిక్కు బోరునీళ్ళు
ఆయన కాళ్ళను చిన్నప్పుడే విల్లులు చేసినయి.
నన్ను దామరచర్ల అమ్మమ్మ తీస్కపోయింది,
కృష్ణనీళ్ళు తాగి నా ఎముకలు నాకు దక్కినయి.
తొమ్మిదో తరగతికి వాపసొచ్చి చెరువుకట్ట మీద ఉరికితే
బండ మీద కూసోని గడియారం ఒత్తెటోడు.
"ఇంక అరసెకండు నీ మోకాళ్ళల్ల దాసుకున్నవే" అనెటోడు.
ఆ అరసెకండు నాకు దొరకలే.

లోసే మాత్రం ఉరుకుతనే ఉన్నది.
అన్న ఫోన్ల ఎతికి ఎతికి
పాలలెక్కల బుక్కుల ఎనకపేజీల రాసెటోడు,
బర్రెల బాకీల కింద టోంగా.
పెద్ద ఆటలకు పోయింది, మొదటి హీటులనే ఇంటికి.
మళ్ళ రెండేండ్లకు ఇంకో దేశం, గదే ఎనిమిది,
కాని నూరో వంతులు ఆరు తగ్గించింది.
"ఎవ్వర్నీ గెల్వలే గదా" అన్న నేను.
"పోయినేడు లోసేను గెలిచింది" అన్నడు.
ఒకసారి వాన పడి ఇద్దరు జారితె
ఆమె ఆరోది అయింది.
ఆ రోజు అన్న వీధిల పిల్లలకు బొంగులు పంచిండు.
ఎందుకో ఎవలకు సమజుగాలే.

వాళ్ళ దేశం మొత్తం మందిని తెస్తె
నల్లగొండ పట్నం నిండదంట.
చుట్టూ నీళ్ళేనంట.
సైదులన్న చాన్సేపు ఏం మాట్లాడలే అది ఇని.

పోయిన ఎండకాలం జాబితాల ఆమె పేరున్నది,
పక్కన టైము లేదు.
పరుగు మొదలువెట్టలేదని మూడక్షరాలు.
అన్న బుక్కు తీసిండు, తారీకు రాసిండు,
అంకె జాగల పెన్ను ఆపిండు.
దెబ్బ తగిలిందో, పెండ్లయిందో, టికెట్టుకు పైసల్లేకనో
మూడక్షరాలు చెప్పయి.
"వాళ్ళ నీళ్ళు గూడ ఖరాబయినయేమో" అన్నడు,
మోకాళ్ళు రెండు చేతులతోని జరుపుకుంట.
సముద్రం నీళ్ళు ఎవరు తాగరన్న అని
చెప్పబోయి ఊకున్న.

పొద్దుగాల బడికి గొడ్డలి తెచ్చుకున్న.
ముందుగాల కంప కొట్టాలె,
గీత తర్వాత.